మందు మొదలిడు వేళ

విరించిపురమున మార్గబంధీశ్వరస్వామి దర్శనమునకు వచ్చు చుట్టములను మేము తప్పక దక్షిణ ప్రాకారమునకు తీసికొనిపోయి అచ్చటి వేళ చూపు రాతిని చూపుదుము. అర్ధచంద్రాకారముగా గీతలు చెక్కిన రాయి అది. పైగాడిలో ఒక సన్నని పుల్లను నిలిపినచో, దాని నీడ ఏ గీతపై పడునో అదియే అప్పటి వేళ. పిల్లలు చీపురుపుల్లలతో దాని చుట్టు మూగి, చేతి గడియారములతో సరిచూచుకొని కేరింతలు కొట్టుదురు.

ఈ గుడికి మరియొక ప్రసిద్ధి కలదు. ప్రాకారములోని సింహతీర్థమున, తమిళుల లెక్కలో కార్తీకమాసపు కడపటి ఆదివారమునకు ముందు నడిరేయి, సంతానము కోరు స్త్రీలు స్నానమాడి తడిబట్టలతోనే గుడిలో పడుకొందురు. కలలో పండ్లో పూవులో కానవచ్చినచో కడుపు పండునని నమ్మకము. చిత్తూరు వైపునుండియు, కన్నడదేశమునుండియు గూడ జనము వత్తురు. ఆ రెండు దినములు మా యిల్లు సత్రమువలె నుండును.

కడుపు పండవలెనని కోరువారికి ఇంత సంబరము కలదు గదా, ఆ కాలము ముగియుచున్న స్త్రీని గూర్చి ఇంటిలో ఒక్క మాట యేల లేదని మేము చాలకాలము ఆలోచింపనే లేదు. మాట లేకపోలేదు, ముట్లుడుగుట యని నిఘంటువులలో నున్నది. కాని దానిని నోట పలికినవారిని మేము వినలేదు. "ఆమెకు నిలిచిపోయింది" అని గొంతు తగ్గించి చెప్పుకొందురు. ఏమి నిలిచినదో ఎవరును అడుగరు.

మేమనగా ఒక యింటి తోడికోడండ్రము ఇరువురము. ఈ సంగతులు జరిగిననాటికి పెద్దామెకు 58 ఏండ్లు, చిన్నామెకు 48. వ్రాయు చేయి చిన్నామెది, మాటలు ఇరువురివి. సంఘము వారి సంచికకు ఇట్టి విషయము తగునా యని మా బావగారు కొంత సందేహించిరి. పండుగలను గూర్చియు, పాతకాలపు వంటలను గూర్చియు వ్రాయువారు పెక్కుమంది కలరని చెప్పితిమి. ఆయన మరల అడ్డు చెప్పలేదు.

2024 డిసెంబరు నడుమ వచ్చినది ఆ కడపటి ఆదివారము. మన చాంద్రమానములో అప్పటికే మార్గశిరము. మా పుట్టింటి వైపు పిల్ల యొకతె, పెండ్లియై ఆరేండ్లైనది, పలమనేరు నుండి వచ్చెను. ఆమె స్నానమాడి తడిచీరతో మండపమున పడుకొనగా, మేమిరువురము కావలిగా ప్రక్కన కూర్చుంటిమి. చుట్టును వందలకొలది స్త్రీలు వణకుచుండిరి. అట్టి చలిలో చిన్నామెకు రొమ్ము నడుమనుండి సెగ పుట్టి, మెడకును ముఖమునకును ఎగబ్రాకెను. కప్పుకొన్న శాలువ తీసివేసెను. రవికె తడిసిపోయెను. గుండె దడదడలాడెను. రెండు మూడు నిమిషములకు సెగ దిగిపోయి, అంతకంటె ఎక్కువగా చలి పట్టుకొనెను. పెద్దామె చూచుచునే యుండెను.

"ఎన్నాళ్ళ నుంచి?" అనెను.

"ఉగాది ముందు నుంచి. వేలూరు ఎండ అనుకున్నా."

"నాకూ అంతే. ఎనిమిదేండ్లు."

"ఒక్క ఇంట్లో ఉండి నాకు చెప్పలేదే, అక్కా!"

"ఎవురికని చెప్పేది? ఏమని చెప్పేది?"

ఈ వేలూరు సీమలో కత్తిరి యెండలు కాయునప్పుడు ఒంటి సెగ యేదో ఊరి సెగ యేదో తెలియుట కష్టమే. మా మరిది, చిన్నామె భర్త, "అందరికీ చెమటే గదా" అనుచు కొత్త ఫ్యాను కొని తెచ్చియుండెను. ఆయనను తప్పుపట్టుట లేదు. చెప్పనిది ఎవరికి తెలియును? పెద్దామె ఆ యెనిమిదేండ్లలో పట్టుచీర ఒంటిపై నిలువక పెండ్లిండ్లకు పోవుటయే మానుకొనెను. గర్వము పెరిగినదని చుట్టములనుకొనిరి. ఆ మాట ఆమె చెవిని పడినను, కారణము చెప్పుటకంటె గర్విష్ఠి యనిపించుకొనుటయే మేలని యూరకుండెనట! ఒకసారి మాత్రము దగ్గరలోని ఒక వైద్యుని అడిగెను. హార్మోను మాత్రలు కాన్సరు తెచ్చునని ఒక్క వాక్యముతో ఆయన ముగించెను. ఆమె మరల అడుగలేదు.

వేలూరు ఊరికి ఈ విషయమున ఒక చరిత్ర కలదు. అయిడా స్కడ్డర్ యువతిగా తిండివనములో నున్నపుడు ఒక్క రాత్రి ముగ్గురు వచ్చి, ప్రసవవేదనపడుచున్న తమ భార్యలకు సాయము కోరిరి. పురుష వైద్యుని మాత్రము ఒప్పుకొనమనిరి. ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆమె అమెరికాకు పోయి వైద్యము చదివి, 1900లో వచ్చి వేలూరిలో ఒక్క మంచముతో ఆరంభించినది నేటి పెద్ద ఆసుపత్రియైనది. 1918లో స్త్రీలకొరకే వైద్య పాఠశాల తెరచెను. స్త్రీ తన బాధను స్త్రీతో చెప్పుకొనుటకై వెలసిన ఊరికి పదునాలుగు కిలోమీటర్ల దూరమున నుండియు, ఒక్క వంటింటిలో మెలగు మేమిరువురము ఒకరితో నొకరము చెప్పుకొనలేదు.

సంక్రాంతి కాగానే ఇద్దరమును వేలూరికి పోయి ఒక వైద్యురాలిని చూచితిమి. మొదట మాటయే చిక్కైనది. బడి, బ్యాంకు, బస్సు అన్నియు మాకు తమిళములోనే జరుగును; అయినను ఒంటి సంగతులు తల్లి చెప్పిన తెలుగులోనే మిగిలినవి. ఆమె "మాదవిడాయ్" అని పుస్తకపు తమిళములో అడిగెను. పెద్దామె "బయట చేరేది" అని చెప్పెను. చిత్తూరు రోగులను చూచి చూచి ఆమెకు కొంత తెలుగు అలవడి యుండుటచే, ఇద్దరికిని నడుమ ఏదో భాష కుదిరెను. ఆమె నలువది నిమిషములు మాకొరకు వెచ్చించెను. మేమడిగిన ప్రశ్న ఒక్కటే: మందు తీసికొనవలసినచో ఎప్పుడు?

పండ్రెండు నెలలు వరుసగా ముట్టు రాకున్నచో ముట్లుడిగినట్లు లెక్క. పాశ్చాత్య స్త్రీలకు సగటున 51వ ఏట, మన దేశమున 46–47 ప్రాంతమున ఇది జరుగునట. చిన్నామెకు అప్పటికి అయిదు నెలలే యైనది. పండ్రెండు నిండువరకు ఓర్చుకొనవలెనని ఆమె యనుకొనుచుండెను. అట్టి నియమము లేదని వైద్యురాలు చెప్పెను. బాధ నిద్రను, పనిని చెఱచుచున్నచో ముందుగనే ఆరంభింపవచ్చును. నలువదియైదు దాటినవారికి లక్షణములే చాలును, రక్తపరీక్షతో పని యుండదు. "అయితే ఈ మందు గర్భనిరోధకము కాదు. ఇంకను కడుపు వచ్చు అవకాశమున్నది, జాగ్రత్త" అని ఆమె యనగా మాకు నవ్వు ఆగలేదు. సింహతీర్థపు ఊరివారమని చెప్పితిమి; ఆమెయు నవ్వెను.

కాన్సరు మాట అడిగితిమి. ఆమె చెప్పిన దానిని, తరువాత మేము చదివి తెలిసికొన్నదానితో కలిపి వ్రాయుచున్నాము. చూడి గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర అమెరికాలో 1942 నుండి అమ్మకమునకు వచ్చెను. 1966లో రాబర్ట్ విల్సన్ అను వైద్యుడు, ఈ మందు వాడు స్త్రీ ఎన్నటికిని స్త్రీగానే యుండునని ఒక పుస్తకము వ్రాసి దానిని యౌవనౌషధముగా చాటెను. ముట్టు లేని స్త్రీ స్త్రీ కాదను అర్థము అందులో దాగియున్నది గదా, ఆ మాట మాకు నచ్చలేదు. 1975లో, గర్భసంచి యున్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కదానినే వాడినచో గర్భసంచి లోపొరకు కాన్సరు కలుగు ప్రమాదము హెచ్చునని తేలెను. అప్పటినుండి గర్భసంచి యున్నవారికి ప్రొజెస్టరోన్ వంటి మందును గూడ కలిపి యిచ్చుచున్నారు.

తరువాత 2002 వచ్చినది. అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరుగుచున్న పెద్ద పరీక్షను ఆ జూలైలో నడుమనే ఆపివేసిరి. రెండు మందులు కలిపి తీసికొన్నవారిలో, పదివేలమందికి ఏడాదికి ఎనిమిది రొమ్ము కాన్సర్లు, ఎనిమిది పక్షవాతములు, ఏడు గుండెజబ్బులు అధికముగా కనబడెను; తుంటి యెముక విరుగుట అయిదు తగ్గెను. పత్రికలకు భయమే మిగిలెను, లెక్క మిగులలేదు. ప్రపంచమంతట స్త్రీలు మందు విడిచిరి. పెద్దామె విన్న ఒక్క వాక్యము అచ్చటినుండి వచ్చినదే.

అయితే ఆ పరీక్షలో చేరిన స్త్రీల సగటు వయస్సు 63. ముట్లుడిగి పదేండ్లు దాటినవారు అందులో పెక్కుమంది. వయస్సువారీగా మరల లెక్కించి చూడగా, నిలిచిన పదేండ్ల లోపున, అరువదికి ముందు ఆరంభించినవారికి గుండె విషయమున ఆ హాని కానరాలేదు. రక్తనాళములు మెత్తగా నున్నపుడు చేరిన హార్మోను ఒక విధముగను, అవి గట్టిపడిన తరువాత చేరినది మరియొక విధముగను పనిచేయునని పలువురు వైద్యుల అభిప్రాయము. రొమ్ము కాన్సరు మాట అట్లు కాదు. రెండు మందులు కలిపి వాడు ఏండ్లు పెరిగినకొలది ఆ ప్రమాదము కొంచెము కొంచెముగా పెరుగును. అమెరికా ఔషధ శాఖవారు ఈ మందుల పెట్టెలపై నుండిన పెద్ద హెచ్చరికలలో పెక్కింటిని తొలగించుటకు నిర్ణయించినట్లు 2025 నవంబరులో ప్రకటించిరి. అంతమాత్రమున అందరికిని తగునని కాదు. రొమ్ము కాన్సరు వచ్చినవారు, రక్తము గడ్డకట్టిన జబ్బు గాని పక్షవాతము గాని గుండెపోటు గాని పడినవారు, కాలేయము చెడినవారు, కారణము తెలియని రక్తస్రావము గలవారు దీని జోలికి పోరాదు. నిలిచిన ఏడాది తరువాత మరల ఒక్క చుక్క కనబడినను వైద్యునికి చూపవలెనని ఆమె రెండుసార్లు చెప్పెను. మేమును రెండుసార్లు వ్రాయదగినదే యిది.

పెద్దామెకు నిలిచి పదకొండేండ్లు. ఒళ్ళంతకు పనిచేయు మందును ఆమెకు ఇపుడు క్రొత్తగా మొదలుపెట్టుట మంచిది కాదని వైద్యురాలు చెప్పెను. సెగలు కూడ ఆమెకు తగ్గినవి. కాని ఏడాదికి నాలుగైదు మారులు మూత్రపు మంటతో ఆమె బాధపడుచుండెను. అదియు ఈస్ట్రోజెన్ తరుగుట వలననే ముదురునని, ఆ చోట మాత్రమే పూయు తక్కువ మోతాదు క్రీము ఏ వయస్సుననైనను ఇయ్యవచ్చునని చెప్పి వ్రాసియిచ్చెను. పెద్దామె చీటి చేత పట్టుకొని కొంతసేపు మాటలాడలేదు. "ఇది అప్పుడే అడిగి ఉంటే?" అని తమిళములో అడిగెను. వైద్యురాలు జవాబు చెప్పక ఆమె చేతిపై చేయి వేసెను. ఇంటికి వచ్చు బస్సులో పెద్దామె కిటికీ వైపే చూచుచుండెను. వేళ చూపు రాయి ఎండ యున్నంతసేపే పలుకును.

చిన్నామె మాత్రము వెంటనే ఆరంభింపలేదు. ఆమె తల్లి 66వ ఏట పెరటిలో జారి తుంటి విరిగి, మంచము పట్టి, ఆ సంవత్సరమే పోయెను. ముట్లుడుగు ఏండ్లలోనే ఎముక వేగముగా తరుగును, హార్మోను దానిని నిలుపును. మేనత్తకో, 70 దాటిన పిదప రొమ్ము కాన్సరు వచ్చెను. ఒక వైపు తల్లి, ఒక వైపు మేనత్త! ముసలితనమున ఒక్క మేనత్తకు వచ్చినంతమాత్రమున మందు నిషేధము కాదనియు, ముందు మామోగ్రాం, రక్తపు పోటు, చక్కెర చూతమనియు వైద్యురాలు చెప్పెను. అన్నియు సరిగా నున్నవి. అయినను జాబితాలు వేయుచు, చెరపుచు మూడు నెలలు గడపెను. హార్మోను కాని మందులును కొన్ని కలవని, అవి సెగలను కొంత తగ్గించునని విని, వానిని గూర్చియు ఆలోచించెను.

ఆమె గుడియాత్తములో ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని. పళ్ళికొండ మీదుగా బస్సు ప్రయాణము. రాత్రి మూడు గంటల నిద్రతో పోయి, నల్లబల్ల ముందు నిలిచి, ఇరువదియేండ్లుగా చెప్పుచున్న పాఠములో మాట తోచక ఆగిపోవుచుండెను. మార్చిలో ఒకనాడు, పుస్తకము తేలేదని ఒక పిల్లను తిట్టరాని తిట్టు తిట్టి, ఉపాధ్యాయుల గదిలో తలుపు వేసికొని ఏడ్చెను. ఆ రాత్రియే స్వచ్ఛంద పదవీ విరమణకు అర్జీ వ్రాసెను. సంతకము చేసి, వంటింటి అలమారలో పసుపు డబ్బా క్రింద నుంచెను. పెద్దామె కంట పడెను.

"ఇది నీ అర్జీనా, నీ సెగ రాసిందా?" అని పెద్దామె అడిగెను. "మందు మూడు నెలలు వేసి చూడు. మానాలంటే ఎప్పుడైనా మానొచ్చు. అర్జీ ఇచ్చినాక ఉద్యోగం మళ్ళీ రాదు."

నిర్ణయమనునది ఇంత మాత్రమే. వైద్యురాలి లెక్కలన్నియు అవసరమే. అవి లేనిచో తోడికోడలి మాట గుడ్డిమాట యగును. కాని ఒకరి జీవితములో దేనికి వేళ మించిపోవుచున్నదో లెక్కలకు తెలియదు, ఇంటివారికే తెలియును. ఏప్రిలులో చిన్నామె ఆరంభించెను: ఉదయము స్నానము తరువాత చేతికి పూయు ఈస్ట్రోజెన్ జెల్, రాత్రి ప్రొజెస్టరోన్ గుళిక. చర్మము ద్వారా పోవు మందుతో రక్తము గడ్డకట్టు భయము మాత్రలకంటె తక్కువయని వైద్యురాలు దానినే యెంచెను. ఏడాదికొకమారు వచ్చి, కొనసాగింపవలెనో మానవలెనో మరల కూర్చుండి మాటలాడుకొనవలెనని చెప్పెను. మూడు వారములకు సెగలు పలుచబడెను. నెలన్నరకు రాత్రులు తిరిగి వచ్చెను. మొదట రొమ్ములు సలపరించినవి, కొంచెము రక్తము కనబడినది. చూపించుకొనెను, భయము లేదనిరి. అర్జీ ఇంకను పసుపు డబ్బా క్రిందనే కలదు. చించివేయుమని మా మరిది యనినను ఆమె ఉండనీయుమనెను.

మా ఆడపడుచు సంగతి చెప్పక ముగించుట న్యాయము కాదు. చిత్తూరు వైపు ఇచ్చితిమి. తెల్లబట్ట, నడుమునొప్పి యని పోగా, 36వ ఏట ఒకచోట గర్భసంచితోపాటు అండాశయములను గూడ తీసివేసిరి. "పిల్లలైపోయారు గదా, ఇంకెందుకు" అన్నారట. ఇట్టిది ఆమె ఒక్కతెకే జరుగలేదు. 2015–16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు దేశమున నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశములో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. అండాశయములు పోయిన స్త్రీకి ముట్లుడుగుట పదేండ్లలో మెల్లగా రాదు, ఆ రాత్రియే వచ్చును. అట్టి చిన్న వయస్సు వారికి, తగని కారణము లేనిచో, వెంటనే హార్మోను ఆరంభించి సహజముగా నిలుచు వయస్సువరకైనను ఇయ్యవలెనని వైద్యుల మతము. లేనిచో ఎముకకును గుండెకును ముప్పు. మా ఆడపడుచుకు ఎవరును చెప్పలేదు. ఎనిమిదేండ్లు కాళ్ళనొప్పులకు నూనెలు రాచుకొనుచుండెను. ఆమెకు ఫోను చేసి, ఇంకను వేళ మించలేదు రమ్మంటిమి. వైశాఖమున గుడియాత్తము కెంగైయమ్మ శిరస్సు తిరునాళ్ళ వంకతో వచ్చెను. ఎముకల పరీక్ష చేయించితిమి, మందు మొదలైనది. తిరునాళ్ళ వంక యెందుకనిన, ఆసుపత్రికని చెప్పినచో అత్తవారింట కారణము చెప్పవలసివచ్చును.

మా అత్తమ్మగారికి 83. ఆమె కాలమున మూడు దినములు పెరటి వసారాలో చాప, చెంబు వేరు. నిలిచిననాడు గుళ్ళో దీపము తానే పెట్టెదనని బయలుదేరి, తిరుమల మెట్లెక్కివచ్చెనట. ఆమెకు అది విడుదల. సెగలు వచ్చెనా యని అడిగినచో, "పొయ్యి కాడ ఉండేదానికి సెగేంది?" అనెను. అట్టివారును పెక్కుమంది కలరు, వారికి ఏ మందును అక్కరలేదు.

ఒకనాటి ఉదయము చిన్నామె కిటికీ దగ్గర నిలిచి చేతికి జెల్ పూసికొనుచుండగా అత్తమ్మగారు చూచిరి. "నొప్పులకా?" అనిరి. కాదని, ఇద్దరమును ప్రక్కన కూర్చుండి, ఏమిటో ఎందుకో మొదటినుండి చెప్పితిమి. ఆమె చెవి దగ్గర చేయి పెట్టుకొని అంతయు వినిరి. తరువాత చీర కొంచెము పైకి తీసి కాలు చాపిరి.

"మిగిలితే ఈ మోకాలికి ఇంత రాయి" అనిరి.